హౌండ్‌ను చేలల్లో వదలకండి, మెట్ల కింద కట్టేయకండి

ముధోల్ కానీ, కారవాన్ కానీ, గ్రేహౌండ్ కానీ, చూపుతో వేటాడే కుక్క ఏదైనా సరే, చుట్టూ కంచె లేని చోట దాని చైను విప్పొద్దు. నల్లగొండ, పాలమూరు వైపు వీటిని పెంచేవాళ్లలో ఎవరితో ఈ మాట అన్నా ఒకటే జవాబు వస్తుంది: "అన్నా, ఉరికే కుక్క అది. కట్టేస్తే పాపం తగుల్తది." ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే నాలుగు ముక్కల్లో తేల్చకుండా ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆ కుక్కకు పరుగు కావాలి, ఇందులో వాదన లేదు. లోతైన ఛాతీ, సన్నటి నడుము, పొడుగు కాళ్లు, విల్లులా వంగే వెన్ను. పూర్తి వేగం అందుకుంటే ఒక్కో అంగలో రెండుసార్లు దాని నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి. గ్రేహౌండ్ అయితే గంటకు 70 కిలోమీటర్ల దాకా పోగలదు. మన దక్కన్ కుక్కలు అంత వేగం కాకపోయినా ఈ ఎండలకు, ఈ రాళ్ల నేలకు తరతరాలుగా అలవాటు పడ్డవి. ముధోల్ అంటే నిర్మల్ జిల్లాలో ఉన్న ఊరు కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలోది. అక్కడి రాజు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని పోషించి, ఇంగ్లండ్ రాజు ఐదో జార్జికి కానుకగా కూడా ఇచ్చాడు. 2005లో మన తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో స్టాంపు వేసింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో దేశీ జాతుల గురించి మాట్లాడుతూ ముధోల్ పేరు కూడా చెప్పారు. ఆ తర్వాత నాకు తెలిసిన పిల్లలే చాలామంది దేశీ హౌండ్ కావాలని తిరిగారు. సంతోషమే. కానీ తెచ్చుకున్నాక దాన్ని మెట్ల కింద గొలుసేసి కట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గల్లీ చివరిదాకా తిప్పి, మిగతా రోజంతా వదిలేస్తే ఎట్లా? అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, గొలుసు కొరుకుతుంది, వచ్చేపోయేవాళ్ల మీదికి దూకుతుంది. అప్పుడు "ఈ జాతే కోపిష్టిది" అంటారు. వీళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అట్లని విప్పి చేలోకి వదిలేవాళ్లు దానికి మేలు చేస్తున్నారా అంటే, అదీ లేదు.

"మా కుక్క పిలిస్తే వస్తది" అంటారు. ఇంట్లో వస్తుంది, కాలనీలో వస్తుంది, అన్నం గిన్నె పట్టుకుంటే ఇంకా తొందరగా వస్తుంది. కుందేలు లేచినప్పుడు వస్తుందా అన్నదే ప్రశ్న. వాసన పట్టే కుక్క నేల మీద ముక్కు పెట్టి, ఆగి, వెతుక్కుంటూ పోతుంది. పిలవడానికి మనకు కాస్త సందు దొరుకుతుంది. దీనికి ఆ సందే ఉండదు. సన్నటి తల, పక్కలకు ఉన్న కళ్లు, మనకంటే చాలా వెడల్పైన చూపు. మన కంటికి ఆనని దూరంలో ఏదో కదులుతుంది, అది చూసేస్తుంది, అప్పటికే బయలుదేరి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే 100 మీటర్లకు 6 సెకన్లు. "ఏమైందిరా" అని మనం తల తిప్పేలోపు అది పక్క రైతు చేలో ఉంటుంది. ఆ క్షణంలో పేరు పెట్టి పిలిచినా, ఈల వేసినా దాని చెవికి ఎక్కదు. మొండితనం కాదది. ఏది ముందుకు పారిపోతే దాని వెంట పడాలని వందల ఏళ్లు ఏరి ఏరి పెంచాం కాబట్టి అట్లా చేస్తుంది. మనమే పెంచిన గుణాన్ని నాలుగు బిస్కెట్లతో మాన్పించాననుకునేవాళ్లతో నాకు పేచీ.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెంపుడు గ్రేహౌండ్ బయటికొస్తే మూతికి బుట్ట కట్టాలన్న నిబంధన ఉండేది. 2019లో దాన్ని తీసేశారు. ఇంటి బయట చైను మాత్రం తప్పనిసరిగానే ఉంచారు. కుక్క మెతకదని ఒప్పుకున్నవాళ్లే చైను ఎందుకు తీయలేదో ఆలోచించండి.

ఇక మన నేల సంగతి. పత్తి కట్టె కొట్టేసిన చేలో మొదళ్లు ఎంత పదునుగా ఉంటాయో రైతుబిడ్డలకు చెప్పక్కర్లేదు. పడావు పడ్డ చెలక నిండా సర్కారు తుమ్మ. గట్టు లేని పాత బావులు, వాటి చుట్టూ నేలే కనపడకుండా పెరిగిన పొదలు. గెట్ల మీద ముళ్లకంచె. వేగంలో ఉన్న కుక్కకు ఆ సన్నటి తీగ కనపడదు. హౌండ్‌కు బొచ్చు తక్కువ, తోలు పలుచన, తోలు కింద కొవ్వు ఉండీ లేనట్టే. తీగ తగిలితే పాత చొక్కా చినిగినట్టు జానెడు చీలిపోతుంది. కుట్లు వేయాలంటే మత్తు ఇవ్వాలి. అక్కడ ఇంకో చిక్కు: థయోపెంటాల్ లాంటి కొన్ని మత్తుమందుల నుంచి ఈ జాతులు మిగతా కుక్కలంత తొందరగా తేరుకోవు. మీ పశువుల డాక్టరుకు ఇది హౌండ్ అని ముందే చెప్పండి.

అన్నిటికంటే నాకు భయం అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగ. అది చట్టవిరుద్ధం. అయినా పెడుతున్నారు, దానికి మనుషులే బలైపోతున్నారు. తీగ ఎక్కడుందో పెట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అలాంటి చేలల్లోకి తెల్లవారుజామున, మసక వెలుతురులో కుక్కను వదిలి రీల్ తీసేవాడికి ఏమని చెప్పాలి?

గొర్రెల గురించి చెప్పకపోతే ఈ పోస్టుకు అర్థమే లేదు. పాలమూరు గొల్లకురుమలకు మందే ఆస్తి, మందే బ్యాంకు. నల్లగొండ దగ్గర పానగల్లు వైపు ఒక చెలకలో నేను చూశాను. టౌను నుంచి వచ్చిన పిల్లగాడు హౌండ్‌ను వదిలాడు. అది మంద వైపు ఉరికింది. ఒక్కదాన్నీ కొరకలేదు, అది నిజం. కానీ మంద చెదిరి కాలువ గట్టు మీది నుంచి కిందికి దూకింది. ఒక గొర్రెకు కాలు విరిగింది. బెదిరి ఉరికితే చూడి గొర్రెలు ఈచుకుపోతాయి, అంటే కడుపు పోతుంది, ఆ కాపరికి అసలు దిగులు అదే. పిల్లగాడు "కొరకలే గదా కాకా" అన్నాడు. ఆయన కోప్పడలేదు. "కొరుకుడే కావాల్నా బిడ్డా, ఉరికిస్తె సాలదా" అన్నాడు. కాలు విరిగిన గొర్రె ఖరీదు వేలల్లో ఉంటుంది. పిల్లగాడు రూపాయి ఇవ్వకుండా బండెక్కి పోయాడు. చుట్టూ ఉన్న మనలో ఒక్కరైనా గట్టిగా అడగాల్సింది.

చట్టం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కుందేలును, నెమలిని తరిమితే అది వేరే కథ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వెంటపడి తరమడం కూడా వేటే, ప్రయత్నించినా వేటే. మన చేలల్లో నెమళ్లు మందలు మందలుగా తిరుగుతున్నాయి. నారాయణపేట వైపు కృష్ణజింకలున్నాయి. నెమలి, కృష్ణజింక రెండూ మొదటి షెడ్యూలులో ఉన్నవే. కుందేలు వెంట హౌండ్ పోతుంటే వెనక పాట పెట్టి రీల్ వేస్తున్నారు, కింద వందల లైకులు. తమ మీద సాక్ష్యం తామే ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతున్నామని వాళ్లకు తెలిసినట్టు లేదు. దయచేసి వాటికి లైక్ కొట్టకండి.

బండికి కట్టి పరుగెత్తించేవాళ్లు ఇంకో రకం. సాగర్ రోడ్డు మీద పొద్దెక్కాక కూడా చూస్తుంటాను. హౌండ్ కొద్ది నిమిషాలు ప్రాణం పెట్టి ఉరికి ఆగిపోయే కుక్క. కిలోమీటర్ల తరబడి ఒకే తీరున బండి వెంట ఈడ్చుకుపోతే దానికి ఆగే వీలు ఎక్కడిది? గ్రేహౌండ్‌కు ఒక్క పరుగు పందెం అయ్యేసరికే ఒంటి వేడి 41 డిగ్రీల దాకా పోతుందని కొలిచి చూశారు. ఒగర్చడం తప్ప వేడి దించుకునే దారి కుక్కకు పెద్దగా లేదు. రోహిణి కార్తెలో తారు రోడ్డు మీద అట్లా పరుగెత్తించడం హింస, ఇంకో పేరు లేదు.

మరి ఏం చేయాలి? కంచె వేసిన జాగా వెతకాలి. మన నల్లగొండలో బత్తాయి తోటలకు కొదవ లేదు, చాలావాటికి చుట్టూ జాలీ ఉంది. తోట లోపల మాత్రం వదలొద్దు. కొమ్మల ముళ్లు కంటికి గుచ్చుకుంటాయి, పాదుల మధ్య డ్రిప్ పైపులు కాళ్లకు తట్టుకుంటాయి. పక్కన ఖాళీగా ఉన్న అరెకరం, ఎకరం బీడు చాలు. జాలీ ఆరడుగులు ఉండాలి, అంతకు తక్కువైతే ముధోల్ సునాయాసంగా దూకుతుంది. వదిలేముందు ఒకసారి నడిచి గాజుపెంకులు, తీగముక్కలు ఏరేయాలి. బావి ఉంటే దాని చుట్టూ వేరే జాలీ కట్టాలి. రెండు, మూడు పరుగులు తీయగానే అదే వచ్చి నీడన పడుకుంటుంది. చాలామంది నమ్మరు కానీ ఈ కుక్కలు పరుగు తీరితే ఇంట్లో చప్పుడు లేకుండా నిద్రపోయే రకం.

బయట నడిపించేటప్పుడు మామూలు బెల్టు పనికిరాదు. హౌండ్ తల మెడకంటే సన్నం, వెనక్కి గుంజితే బెల్టు తల మీదుగా జారిపోతుంది. గుంజినప్పుడు బిగుసుకుని, ఒక హద్దు దగ్గర ఆగిపోయే మార్టింగేల్ బెల్టు కొనండి. పొడుగు తాడు వాడితే ఛాతీకి కట్టే హార్నెస్‌కే కట్టండి. తాడు చివరిదాకా వేగంగా పోయి మెడ మీద ఆగిందంటే మెడకు దెబ్బ తప్పదు. జీపీఎస్ బిళ్ల కట్టాం కదా అంటారా, కుక్క ఎక్కడ పడిందో అది చెబుతుంది, పడకుండా ఆపదు.

మా హౌండ్ చుక్కి కోసం మా బత్తాయి తోట పక్కన బీడుకు జాలీ వేయించాం. అదొక్కతే ఉరకడం కంటే తోడు ఉంటే దానికీ హుషారు. నల్లగొండ చుట్టుపక్కల హౌండ్ పెంచేవాళ్లు ఎవరైనా ఆదివారం తెల్లవారకముందే తీసుకురండి, ఎండెక్కేలోపు ముగిద్దాం. రేబిస్ టీకా కార్డు వెంట ఉండాలి, కొత్త కుక్కలకు మొదటిసారి మూతికి బుట్ట ఉండాలి. డబ్బులేమీ వద్దు. పాలమూరు, జడ్చర్ల, దేవరకొండ వైపు ఇట్లా కంచె వేసిన జాగా ఎవరికైనా ఉంటే కామెంట్‌లో ఊరి పేరు రాయండి, అక్కడివాళ్లను మీతో కలుపుతాను.