గుంట సంగతి కూడా రాయండి సార్

కేన్సర్ మీద మీ ఆర్టికల్ బానే ఉంది సార్ కానీ తప్పంతా కేన్సర్ కణానిదే, దానికి మందు కొడితే అయిపోద్ది అన్నట్టు రాశారు, దాని చుట్టూ ఉండేదాని గురించి రెండు లైన్లేనా. మాది విడవలూరు పక్క, రొయ్యల గుంటలు. ఒకే హేచరీ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, తెచ్చి పక్కపక్క గుంటల్లో వదిలినా ఒకదాంట్లో కౌంట్ బ్రహ్మాండంగా వస్తది, ఇంకోదాంట్లో నెలకే తేలిపోతాయి, తేడా అంతా నీళ్లలో, అడుగు మట్టిలో ఉంటది. 1889లోనే స్టీఫెన్ పేజెట్ అనే లండన్ డాక్టరు 735 రొమ్ము కేన్సర్ కేసులు చూసి ఇదే అన్నాడు, కణం విత్తనం, అవయవం నేల అని.

గడ్డ మధ్యలో ఆక్సిజన్ చాలదు, తెల్లారుజామున నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఆగిన గుంట లెక్క. రొయ్యలైతే చస్తాయి, ఈ కణాలు మాత్రం ఇంకా మొండికేసి కొత్త రక్తనాళాలు రప్పించుకుంటాయి, అవి కూడా వంకరటింకర, కారతా ఉంటాయి, అందుకే కీమో లోపలిదాకా సరిగ్గా పోదు, రేడియేషన్ కూడా ఆడ తక్కువ పనిచేస్తది.

మా పెదనాన్నకి పాంక్రియాస్ కేన్సర్ వస్తే చెన్నైలో డాక్టరు చీటీ వెనక పెన్నుతో గీసి చూపిచ్చాడు, నాలుగు చుక్కలు, అవి కేన్సర్ కణాలంట, చుట్టూ గజిబిజి గీతలు. గీతలన్నీ పీచంట, గడ్డలో ఎక్కువ భాగం అదే. మరి ఆ పీచు తీసేస్తే పోలా అన్నా నేను. ఎలకల్లో ఫైబ్రోబ్లాస్టులు, అంటే ఆ పీచుని తయారుచేసే కణాలు, తగ్గించి చూస్తే గడ్డ ఇంకా రెచ్చిపోయిందంట!

ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తినే కేన్సర్ మీదకి ఉసిగొల్పే వైద్యం, కొందరికే ఎందుకు పడతదో కూడా రాయండి, చానా గడ్డల్లో కేన్సర్ కణాల్ని చంపాల్సిన టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) అంచులోనే ఆగిపోతాయి కదా.