గ్రహణం అంటార్కిటికాలో, పట్టు స్నానం అమలాపురంలో

2025 సెప్టెంబరు 21న పాక్షిక సూర్యగ్రహణం వచ్చింది. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియా తూర్పు కొసన, అంటార్కిటికాలో కనిపించింది. అది మొదలయ్యేసరికి మన గడియారంలో రాత్రి దాదాపు 11. మన సూర్యుడు అస్తమించి అప్పటికి అయిదు గంటలు కావస్తోంది. ఆకాశంలో లేని సూర్యుడికి గ్రహణం ఏమిటన్న చచ్చు సందేహాలు పెట్టుకోకుండా మన టీవీ చానెళ్ళు ఆ బాధ్యత భుజాన వేసుకున్నాయి. ఎర్ర అక్షరాలు, వెనక ఉరుముల చప్పుడు, స్టూడియోలో పట్టు కండువాలు. ఏ రాశుల వారు గడప దాటకూడదో తేలిపోయింది. దాన్ని నిజంగా చూసిన పెంగ్విన్లకి మాత్రం ఎవరూ పరిహారం చెప్పలేదు.

దీన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళది తొందరపాటని నా అభిప్రాయం. చంద్రగ్రహణం ఉదార స్వభావం గలది. ఆ వేళకి ఎవరి నెత్తిన చంద్రుడుంటే వాళ్ళందరికీ, సగం భూమికి, ఒకేసారి కనిపిస్తుంది. సూర్యగ్రహణమే పరమ పిసినారి. సంపూర్ణంగా చూడాలంటే చంద్రుడి నీడ గీసుకుంటూ పోయే నూటయాభై, రెండొందల కిలోమీటర్ల పట్టీలో నిలబడాలి. పోనీ అమావాస్యకొకటి వస్తుందా అంటే అదీ లేదు. చంద్రుడి దారి భూమి దారికి 5 డిగ్రీలు వాలుగా ఉండటంతో నీడ చాలాసార్లు భూమిని తప్పించుకునే పోతుంది. ఒకసారి వచ్చిన ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం మళ్ళీ రావాలంటే సగటున 375 ఏళ్ళు. ఇరవైనాలుగు గంటలూ వార్తలు నింపాల్సిన చానెల్ 375 ఏళ్ళు ఎలా ఆగుతుంది? అందుకే ఎక్కడి గ్రహణాన్నైనా దత్తత తీసుకుంటున్నారు. ఇందులో తప్పేముంది?

అడ్డుపుల్ల వేసేది నాస్తికులు కారు, పంచాంగం. "ఈ గ్రహణం భారతదేశంలో కనిపించదు, నియమాలు పాటించనవసరం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పంచాంగకర్తలకి మార్కెటింగ్ తెలియదు. అదే సిద్ధాంతిగారు స్టూడియోకి వస్తే వ్యవహారం కాస్త మెరుగవుతుంది.

"పాటించకపోతే ఏమవుతుంది గురువుగారూ?"

"ఏమీ కాదమ్మా."

"పాటిస్తే?"

"పాటిస్తే మంచిదే."

కింద స్క్రోలింగు: 'పాటించకపోతే అంతే సంగతులు!'

ఇక మనకి కనిపించే గ్రహణాల సంగతి. అదే నెల 7న సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి 11 దాటింది మొదలు 82 నిమిషాల పాటు చంద్రుడు రాగి చెంబు రంగులో ఉన్నాడు. కళ్ళద్దాలు అక్కర్లేదు, టికెట్టు లేదు, డాబా ఎక్కితే చాలు. మధ్యాహ్నానికే తిరుమల తలుపులు మూశారు. గ్రహణానికి తలుపులు వెయ్యని శ్రీకాళహస్తిలో అభిషేకాలు జరిగాయి. మన అపార్ట్‌మెంట్లలో ఆవకాయ జాడీ మీద ఒక దర్భ, ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి మీద ఒక దర్భ, మినరల్ వాటర్ క్యాన్ మూత మీద ఒక దర్భ. కిటికీలకి కర్టెన్లు. ఇన్ని ఏర్పాట్లూ అయ్యాక ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని చంద్రుణ్ణి టీవీలో చూశారు. డాబా మీది చంద్రుణ్ణి చూస్తే దోషం, 43 అంగుళాల్లో చూస్తే లేదు. కిరణాలు కేబుల్లోంచి వచ్చేటప్పుడు వడకట్టబడతాయి కాబోలు.

కాబట్టి గ్రహణం ఎప్పుడు, ఎక్కడ కనిపిస్తుందన్న ప్రశ్నకి తెలుగునాట జవాబు ఒక్కటే: ఎప్పుడైనా, హాల్లో.

రోకలి సంగతి చెప్పకపోతే పాపం. పసుపు నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెంలో రోకలి దానంతటది నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడిపోతే విడిచినట్టు. ఈ ప్రయోగాన్ని లైవ్‌లో చూపిస్తారు. అడుగున ఇనప పొన్ను చదునుగా ఉన్న రోకలి ఏ గ్రహణమూ లేని మంగళవారం మధ్యాహ్నం కూడా నిలబడుతుంది. మా ఇంట్లోది అలాగే నిలబడింది. దానికి శాస్త్రం మీద గౌరవం లేదని అటకెక్కించారు.

ఈ విద్యలో మనం కొత్తవాళ్ళమేం కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు. నీడ సరిగ్గా గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగుని వర్ణపటంలో పట్టాడు. ఆ గ్రహణంలో పలువురు గమనించిన పసుపు గీతతోనే హీలియం కథ మొదలైంది. జ్వాలల గీతలు మరీ ప్రకాశంగా కనబడేసరికి, వీటికి గ్రహణం దాకా ఆగడమెందుకని మర్నాడు పొద్దున్నే మళ్ళీ చూశాడు. కనబడ్డాయి. అంటే గ్రహణం లేకుండానే గ్రహణపు దృశ్యం చూడొచ్చని గుంటూరులోనే రుజువైంది. మన చానెళ్ళు ఆ పరిశోధనని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్ళాయంతే.

ఆ ప్రాంతపు తల్లులు ఇప్పుడు దీన్ని ఖండాంతరాలు దాటించారు. 2024 ఏప్రిల్ 8న డాలస్‌లో నాలుగు నిమిషాలకి కాస్త తక్కువగా పట్టపగలు చీకటి పడింది. అక్కడ మధ్యాహ్నం రెండు కావొస్తుంటే తెనాలిలో అర్ధరాత్రి దాటింది, తెల్లారితే ఉగాది. "ఒరే, కోడలు వట్టి మనిషి కాదు, బయటికి రానీకు." "అమ్మా, అది ఆఫీసు వాళ్ళతో పార్కింగ్ లాట్‌లో ఉందే, అద్దాలు పెట్టుకుని." ఫోను పెట్టేసి ఆవిడ తెనాలిలో విడుపు స్నానం చేసింది. టెక్సాస్ గ్రహణం గోదారి నీళ్ళతో వదిలిందో, కృష్ణ నీళ్ళతో వదిలిందో మున్సిపాలిటీ కుళాయికే తెలియాలి.

వాట్సాప్ మరీ ముందుచూపు గలది. 2025 ఆగస్టు 2న ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందని ఊదరగొట్టింది. ఆ రోజు అసలు గ్రహణమే లేదు. ఉన్నది 2027 ఆగస్టు 2న. స్పెయిన్ దక్షిణ కొస, ఉత్తర ఆఫ్రికా, సౌదీ మీదుగా నీడ పోతుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్లు. మన దేశంలో చాలా చోట్ల సాయంత్రం పూట పాక్షికం. రెండేళ్ళు ముందుగా భయపడితే నష్టమేముంది, భయం నిలవ ఉండే సరుకే.

గ్రహణాలు 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకోసారి అదే వరసలో తిరిగొస్తాయి. ఆ 8 గంటల పుణ్యమా అని ప్రతిసారీ భూమి మీద మూడోవంతు పడమటికి జరుగుతాయి. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్‌ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళు వేధశాలలో చూస్తుంటే, ఊళ్ళో జనం తలుపులు బిడాయించుకున్న గ్రహణం 1998లో కరీబియన్ వెళ్ళింది, 2016లో ఇండోనేషియా చూసింది, 2034 మార్చి 20న మళ్ళీ మన దేశానికే వచ్చి కార్గిల్ మీదుగా పోతుంది. మర్నాడే ఉగాది. కార్గిల్‌కి ఇంకా ఎవరూ టికెట్లు కొన్నట్టు లేదు గానీ, ఆ వేళకి స్టూడియోలో కుర్చీలు మాత్రం ఇప్పటికే రిజర్వయిపోయాయని వినికిడి.