మిలిటరీ బొమ్మలకు ఎయిర్‌బ్రష్ అక్కర్లేదు

మా బరంపురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చిన్న చిన్న సైనికుల బొమ్మలు అతికించి రంగులు వేద్దామనుకునేవాళ్లకు అందులో సలహాలు ఇచ్చారు. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి అందించే కంప్రెసర్ లేకుండా మొదలుపెట్టొద్దట. విదేశీ ఎనామెల్ రంగులే వాడాలట, ఖాకీ కూడా కంపెనీ నంబరు చూసి అదే కొనాలట. బ్రష్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది, ఏ బొమ్మకైనా ఫెవిక్విక్ చాలు, సముద్రం పక్క ఊళ్లలో మాత్రం రంగు నిలవదు అని కూడా రాశారు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉండటం వల్ల ఇక్కడి పిల్లలకు యూనిఫాంలంటే మహా ఇష్టం. అలాంటి కుర్రాళ్లు ఇది చదివి "మన వల్ల కాదులే అన్నా" అని ఊరుకుంటున్నారు. నాకు బాధగా ఉంది. ఆ మెసేజ్‌లో చాలా మటుకు తప్పే.

ముందు ఎయిర్‌బ్రష్ సంగతి. ట్యాంకు, విమానం లాంటివాటికి అంతటా ఒకే మందంలో రంగు పడాలంటే అది మంచి పనిముట్టే. కానీ 1/72 స్కేలులో, అంటే అసలు కొలతలో 72వ వంతుగా చేసిన బొమ్మల్లో, ఆరడుగుల మనిషి రెండున్నర సెంటీమీటర్లే ఉంటాడు. 1/35లో అయినా ఐదు దాటి కొంచెం. ఆ కాస్త చోట్లోనే బెల్టు, సంచి పట్టీ, తుపాకీ, వేళ్లు అన్నీ ఉంటాయి. అక్కడ పనికొచ్చేది బ్రష్ ఒక్కటే.

బ్రష్ కూడా మరీ సన్నది వద్దు. మూడు సున్నాల (000) నంబరు సన్న బ్రష్ పట్టే రంగు ఎంతని? బొమ్మను తాకేలోపే మొన దగ్గర ఎండిపోతుంది. 1 లేదా 2 నంబరు గుండ్రటి బ్రష్ తీసుకోండి. నీళ్లలో ముంచి తీస్తే మొన సూదిలా రావాలి, అది షాపులోనే చూసి కొనండి. చేయి వణుకుతుంటే మోచేతులు బల్లకు ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి పట్టుకోండి. బొమ్మను సీసా మూతకు అతికించుకుంటే వేళ్లు రంగుకు తగలవు.

ఎనామెల్‌తో మంచి పని చేసేవాళ్లున్నారు, కాదనను. కానీ దానికి టర్పెంటైన్ కావాలి, ఇల్లంతా వాసన. కొత్తవాళ్లకు స్టేషనరీ షాపులో దొరికే క్యామెల్, ఫెవిక్రిల్ ఎక్రిలిక్ రంగులు చాలు, బ్రష్ నీళ్లతోనే కడుక్కోవచ్చు. అసలు కిటుకు పలచగా వేయడంలో ఉంది. డబ్బాలోంచి తీసింది తీసినట్టే పూస్తే ముక్కు, పెదవులు పూడిపోతాయి. నీళ్లు కలిపి వేస్తే మొదటి పూత మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. ఆరనిచ్చి రెండోది, మూడోది వేయండి.

ముఖం ఇలా చేసి చూడండి. చామనఛాయ పూత ఆరాక, బాగా పలచన చేసిన ముదురు గోధుమరంగు వేయండి. అది దానంతటదే కంటి గుంటల్లోకి, ముక్కు కిందకి, హెల్మెట్ పట్టీ పక్కకి చేరుతుంది. అది ఆరాక మొదటి రంగునే ముక్కు మీద, చెంప ఎముకల మీద, గడ్డం మీద మాత్రం అద్దండి. చివర్లో కాస్త తెలుపు కలిపి ముక్కు కొసన ఒక్క చుక్క. 1/72లో కంట్లో తెల్ల రంగు పెట్టొద్దు, మనిషి ఉలిక్కిపడినట్టు ఉంటాడు. గుంటలోని నీడే కన్నుగా కనిపిస్తుంది.

ఇక ఖాకీ నంబర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, ఆఫ్రికాలో ఎరిత్రియాలోని కెరెన్ దగ్గర మన 4వ, 5వ భారత డివిజన్లు ఇటాలియన్లతో పోరాడాయి. అక్కడి సైనికుడి నూలు చొక్కా ఎన్ని ఉతుకులు తిన్నదో, ఎంత ఎండకు వెలిసిందో ఏ సీసా మీదా రాసి ఉండదు. ఒకే వరుసలో నిలబడ్డ ఇద్దరి చొక్కాలు కూడా ఒకే రంగులో ఉండవు. పైగా ఇంత చిన్న బొమ్మ మీద అసలు రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం తెలుపు ఎలాగూ కలపాలి.

సముద్రపు గాలి గురించి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) గానీ స్ప్రే వార్నిష్ (చివర్లో రంగును కాపాడే పూత) గానీ కొడితే తెల్లటి పొర కమ్ముతుంది. ఆ రోజుల్లో రెండూ బ్రష్‌తోనే వేసుకోండి, సరిపోతుంది. రంగు ఆరడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. రంగు కలుపుకునే పాలెట్ మీద త్వరగా ఎండిపోదు కాబట్టి నేర్చుకునేవాళ్లకు అదీ మంచిదే. రాయగడ వైపు వేసవిలో అయితే మూతున్న డబ్బాలో తడి స్పాంజి పెట్టి, దాని మీద బటర్ పేపర్ పరిచి రంగు కలుపుకోండి.

జిగురు విషయంలో మాత్రం ఆ సలహా బొమ్మలనే పాడుచేస్తుంది. ఫ్రేములో వచ్చే గట్టి ప్లాస్టిక్ ముక్కలకు ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి. అది అంచులను కరిగించి కలిపేస్తుంది. లోహం, రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచిన పదార్థం) అయితే ఫెవిక్విక్ సరైనదే. వంగే మెత్తటి ప్లాస్టిక్ సైనికుల ముక్కలు ఏ జిగురుతోనూ సరిగా అతకవు, రంగు కూడా రాలుతుంది. రంగు నిలవడానికి వాటిని సబ్బునీళ్లతో కడిగి, పలచన చేసిన ఫెవికాల్ ఒక పూత వేసి, ఆరాక రంగు వేయండి.

ఆ మెసేజ్‌లో అసలు రాయాల్సిన జాగ్రత్తే రాయలేదు. రెజిన్ బొమ్మను పొడిగా అరగదీయకూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు పెట్టుకుని, వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి. పసిపిల్లలు ఆడే గదిలో ఆ పని పెట్టుకోవద్దు.