సంగట్లో చక్కెర ఎవరేసినారు?

తప్పు నాదే. ఇంటర్ బైపీసీ పరీక్షలని గట్టిగా చదువుకుంటాండా, "పిండిపదార్థమంటే గ్లూకోజులు గొలుసుకట్టుగా అతుక్కున్నదే" అని. షుగర్ 260 రిపోర్టు పట్టుకోని అనంతపురం పాతూరంతా చూపిచ్చుకోనొచ్చిన మా జేజినాయన చెవిన అది పడింది. సంగటి ముద్దలో ఇంత తుంచి నోట్లో ఏసుకోని, గడియారం చూస్తా రెండు నిమిషాలు నమిలినాడు.

జేజినాయన: ఏమే, తియ్యగుంది! సంగట్లో చక్కెర ఏసినావా?

జేజి: సంగటి నమిలినావా? నమిలేదానికి నువ్వేమన్నా ఎనుమా? సంగటి మింగాల.

జేజినాయన: మాట మార్చద్దు. మొన్న తెచ్చిన కేజీ చక్కెర యాడికి పోయింది?

జేజి: నేను గుడికి పోయినప్పుడు నువ్వు పెట్టుకునే టీలోకి. గ్లాసు అడుగున చీమలే చెప్పినాయి నాకు.

నేను: జేజి ఏం ఏయలే నాయనా. నీ ఎంగిల్లోనే అమైలేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటాది, అది ఆ గొలుసును కత్తిరిస్తాది, ఆ ముక్కలే తియ్యగుంటాయి.

జేజి: ఇన్నావా? చక్కెర నా చేతిలో లే, నీ నోట్లోనే ఉండాది. నలభై ఏండ్లుగా ఆ నోట్లోనుంచి ఒక్క తీపిమాట రాలే, ఈ పొద్దు సంగటి తగిలితే వచ్చిందంట!

జేజినాయన: అట్లయితే మింగితే షుగర్ రాదా?

నేను: వస్తాది. చిన్నపేగులో క్లోమరసం మళ్ళా కత్తిరిస్తాది. రాగుల్లో మూడొంతుల్లో దగ్గరదగ్గర రెండొంతులు పిండిపదార్థమే.

జేజినాయన: చూసినావా, రెండొంతులు కలిపినాదంట!

ఆడికి ఊరుకోనుంటే బాగుండు. నిరూపిస్తామని టింక్చర్ అయోడిన్ తెచ్చి ముద్ద మీద ఒక చుక్క ఏసినా. ఏసిన చోట నీలంగా, చూస్తాండంగానే నల్లగా అయిపాయ.

జేజినాయన: విషం! చక్కెర కాదు, విషమే పెట్టినాది!

నేను: కాదు నాయనా, పిండిపదార్థానికి అయోడిన్ తగిల్తే అట్లే...

జేజి: నువ్వుండు పాపా. ఏమయ్యా, నేను విషం పెట్టాలంటే కోడిపులుసులో పెడతా, నువ్వు మూడుసార్లు ఏయిచ్చుకుంటావు. కష్టపడి గెలికిన సంగటి ఎందుకు పాడు చేసుకుంటా?

ఆయన లేచి పోయి చక్కెర డబ్బా బీరువాలో పెట్టి తాళం ఏసినాడు. ఆ తాళం ఇంగోటి జేజి కొంగున ఉండేది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

రాత్రికి సగం ముద్దే పెట్టింది, పక్కన చెనిక్కాయల ఊరుబిండి మాత్రం రెండింతలు. దాంట్లో ప్రోటీన్ ఉంటాదని పొద్దున నేను చదివింది ఎప్పుడు ఇనిందో ఏమో.

జేజినాయన: ఇంతేనా?

జేజి: ఇంతే.

ఆయన తుంచి నోట్లో ఏసుకోని మళ్ళా నములుతాండాడు, కండ్లు మూసుకోని.

జేజి: మళ్ళా ఏందది?

జేజినాయన: తీపొస్తాదేమోనని.

జేజి: నములు నములు. రెండు నిమిషాలన్నా నోరు మూసుకోనుంటావు.