వంతెనకు గండం కట్టే రోజుల్లోనే

కడుతున్న వంతెన కూలిందన్న వార్త రాగానే అందరి నోటా ఒకటే మాట. సిమెంటు కల్తీ చేశారు, ఇనుము తక్కువ వేశారు, కమీషన్లు తిన్నారు. అలా జరిగిన చోట్లూ ఉంటాయి. కానీ పెద్ద ప్రమాదాల విచారణ నివేదికలు తిరగేస్తే ఇంకో సంగతి పదేపదే ఎదురవుతుంది. పూర్తయ్యాక వంతెన మీద తిరిగే బండ్లకు, గాలికి, భూకంపానికి జాగ్రత్తగా లెక్కలు కట్టిన వాళ్లు, సగంలో ఉన్నప్పుడు అది ఎలా నిలబడుతుందన్న ప్రశ్నను ఎవరో ఒకరు చూసుకుంటారులే అని వదిలేశారు. కూలీలు ఎక్కి పనిచేసేది ఆ సగం వంతెన మీదే. దానికీ పూర్తి స్థాయి డిజైన్ ఉండాలని, దానికి ఎవరు బాధ్యులో పేరుతో సహా రాసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మామూలు గర్డర్‌నే, అంటే వంతెనను మోసే పొడవాటి దూలాన్నే తీసుకుందాం. రెండు పిల్లర్ల మీద కూర్చున్నాక అది నడుమ కిందికి వంగుతుంది. కింది భాగం సాగుతుంది, పైభాగం నొక్కుకుంటుంది. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చుకుంటుంది గానీ సాగదీస్తే పగులుతుంది. అందుకే ఇనుము, కేబుళ్లు కిందివైపు ఎక్కువగా పెడతారు. అదే గర్డర్‌ను ఒక పిల్లర్ మీది నుంచి ఇంకో పిల్లర్ వైపు తోసుకుంటూ కట్టే పద్ధతిలో ముందు కొన గాలిలో వేలాడుతుంది. అప్పుడు పిల్లర్ మీదున్న చోట పైభాగం సాగుతుంది. కొన్ని రోజులకు అదే ముక్క రెండు పిల్లర్ల నడిమికి చేరుతుంది, బలాలు తలకిందులవుతాయి. క్రేన్‌తో ఎత్తేటప్పుడు కొక్కెం తగిలించే చోటు మారినా ఇదే గొడవ. పైన శ్లాబు పడే దాకా, సన్నగా ఎత్తుగా ఉండే గర్డర్ పక్కకు ఒరగకుండా ఆపేది తాత్కాలికంగా కట్టిన బ్రేసింగ్, అంటే అడ్డకట్లు మాత్రమే.

పచ్చి కాంక్రీటు సంగతి చూడండి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల మందం ఉన్న శ్లాబుకు 25 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. బరువు 60 టన్నుల పైమాటే. పోసిన రోజున దాని సొంత బలం సున్నా. ఆ బరువంతా సెంట్రింగ్ మీదే ఉంటుంది. పైపులు నిలువుగా ఎంత గట్టివైనా ఏటవాలు కట్లు లేకపోతే పక్కకు తూలతాయి. పైపు అడుగున చెక్కో, ఇనుప పలకో సరిగా లేక, కింద మట్టి వానకు నానితే ఒక కాలు కుంగుతుంది. దాని బరువు పక్క కాళ్ల మీద పడి, అవీ లొంగుతాయి. కాంక్రీటు అంతా ఒకే వైపు నుంచి పోసుకుంటూ వస్తే సెంట్రింగ్ ఒక పక్కకే బరువెక్కుతుంది. పని పూర్తయ్యాక సెంట్రింగ్ విప్పేస్తారు, దాని ఆనవాలు కూడా మిగలదు. బిల్లులో అది చిన్న పద్దు. అందుకే చాలాసార్లు మేస్త్రీ అనుభవానికి వదిలేస్తారు. మేస్త్రీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ 60 టన్నుల బరువును లెక్క లేకుండా ఆయన నెత్తిన పెట్టడం అన్యాయం.

ఇటీవలి ప్రమాదాల్లో మయామీలో కూలిన పాదచారుల వంతెన గురించి ఇంజినీర్లందరూ చదవాలి. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ దగ్గర 53 మీటర్ల పొడవు, సుమారు 950 టన్నుల బరువున్న కాంక్రీటు స్పాన్‌ను (రెండు ఆధారాల నడుమ వంతెన భాగాన్ని) రోడ్డు పక్కన కట్టి, 2018 మార్చి 10న పెద్ద పెద్ద చక్రాల వాహనాలతో మోసుకెళ్లి పిల్లర్ల మీద కూర్చోబెట్టారు. మోసేటప్పుడు ఆధారం కొసల దగ్గర కాకుండా కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి కొసలు వేలాడుతాయి. పూర్తయిన వంతెనలో నొక్కుడు మోయాల్సిన చివరి ఏటవాలు కమ్మి, అంటే వాలుగా ఉండే కాంక్రీటు దూలం, ఆ ప్రయాణంలో సాగుడుకు లోనవుతుంది. అందుకని దాని లోపల ఉక్కు కడ్డీలను బిగించారు. స్పాన్ చోటు చేరాక ప్లాన్ ప్రకారమే వాటిని వదులు చేశారు. ఆ కమ్మి అడుగున, డెక్‌తో (నడిచే తలంతో) కలిసే చోట, అంతకుముందే ఉన్న పగుళ్లు బాగా పెరిగాయి. మార్చి 15 ఉదయం మీటింగు పెట్టి భద్రతకు ఢోకా లేదని తేల్చారు. అదే రోజు మధ్యాహ్నం కడ్డీలను మళ్లీ బిగిస్తుండగా స్పాన్ మొత్తం రోడ్డు మీద పడింది. ఆరుగురు చనిపోయారు. వారిలో ఐదుగురు కింద వాహనాల్లో వెళ్తున్నవాళ్లు.

ఆ అతుకు దగ్గర డిజైన్ లెక్కలే తప్పని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. మామూలుగా ఒప్పుకునే పగుళ్ల కంటే అవి 40 రెట్లు పెద్దవని కూడా చెప్పింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి మాత్రం ఇంకో రెండు విషయాలు. డిజైన్‌ను స్వతంత్రంగా సరిచూడాల్సిన సంస్థ పూర్తయిన వంతెనను చూసింది, కట్టే దశలను చూడలేదు. రెండోది, రోడ్డు మూయలేదు. పగుళ్ల ఫొటోలు అందరి ఫోన్లలో తిరుగుతుంటే, కింద ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కార్లు ఆగుతూనే ఉన్నాయి. లెక్క తప్పడం మనుషులన్నాక జరుగుతుంది. కళ్లెదుట కాంక్రీటు చీలుతుంటే రోడ్డుకు అడ్డం పెట్టడానికి ఏ లెక్కా అక్కర్లేదు.

పగులును చూసినవాడు ఒకడు, పని ఆపే అధికారం ఉన్నవాడు ఇంకొకడు అయితే ఏమవుతుందో 1907లోనే కెనడాలోని క్యుబెక్ వంతెన చూపించింది. స్పాన్‌ను 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు, పెరిగిన సొంత బరువును మాత్రం సకాలంలో లెక్కలోకి తీసుకోలేదు. గాలిలోకి చాచుకుంటూ కడుతున్న ఆ ఉక్కు చేయి అడుగు కమ్మీల్లో ఒకటి 2 అంగుళాలకు పైగా వంగిందని సైట్ ఇంజినీరు కొలిచాడు. కన్సల్టింగ్ ఇంజినీరు థియోడర్ కూపర్ ఉండేది న్యూయార్క్‌లో. సైట్ ఇంజినీరు రైలెక్కి వెళ్లి ఆయనకు చెప్పాడు. ఆగస్టు 29న కూపర్ ఇక బరువు పెంచొద్దని టెలిగ్రాం ఇచ్చాడు, కానీ అది వెళ్లింది పెన్సిల్వేనియాలోని కంపెనీ ఆఫీసుకు. క్యుబెక్‌లో పని సాగుతూనే ఉంది. ఆ సాయంత్రం దిగిపోయే వేళకు వంతెన కూలి 75 మంది చనిపోయారు. మళ్లీ కట్టేటప్పుడు 1916లో నడిమి స్పాన్‌ను పైకి ఎత్తుతుంటే జారి నదిలో పడింది, ఇంకో 13 మంది పోయారు. 1917లో పూర్తయిన ఆ వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది. దాని గండాలు రెండూ కట్టేటప్పటివే.

మెల్‌బోర్న్ వెస్ట్‌గేట్ వంతెన కథలో తప్పు ఇంకాస్త మామూలుది, అందుకే ఇంకా భయంకరం. స్పాన్‌ను నిలువునా రెండు సగాలుగా చేసి పైకి ఎత్తారు. పైన కలపబోతే ఒక సగం ఇంకో సగం కంటే సుమారు 11 సెంటీమీటర్లు ఎత్తుగా తేలింది. దాన్ని కిందికి దించడానికి ఒక్కోటి 8 టన్నుల కాంక్రీటు దిమ్మెలు పది పేర్చారు. ఉక్కు రేకు ఉబ్బింది. ఆ ఉబ్బును సరిచేయడానికి బోల్టులు విప్పారు. 1970 అక్టోబరు 15న స్పాన్ కూలి 35 మంది చనిపోయారు. కింద కూలీల షెడ్లు ఉండేవి. ఈ పనుల్లో ఏదీ దుర్మార్గంతో చేసింది కాదు. పని ముందుకు సాగాలన్న టెన్షన్‌లో అప్పటికప్పుడు సైట్‌లో తోచిన ఉపాయాలవి. ఒక్కో ఉపాయం వంతెన స్థితిని మార్చేసింది, మారిన స్థితికి మళ్లీ లెక్క చూసినవాళ్లు లేరు.

బ్రిటన్ ఈ విషయంలో కొంత దారి చూపింది. 1972లో లాడన్ నది మీద సెంట్రింగ్ కూలాక వేసిన కమిటీ, తాత్కాలిక కట్టడాలన్నిటికీ సైట్‌లో ఒక సమన్వయకర్త ఉండాలని చెప్పింది. కాంక్రీటు పోయడానికి ముందు, సెంట్రింగ్ విప్పడానికి ముందు ఆయన అనుమతి ఉండాలి. 1982 నాటికి అది అక్కడి ప్రమాణాల్లోకి ఎక్కింది. అనుమతి అన్న మాటను నేను నొక్కి చెబుతున్నాను. సలహా ఇచ్చే అధికారికి గడువు ఒత్తిడి ముందు విలువ ఉండదు, సంతకం పెట్టకుండా పని ఆపగల అధికారికి ఉంటుంది. ఆ మనిషి జీతం పని వేగంతో ముడిపడి ఉండకూడదు.

ఖర్చు పెరుగుతుందని, పని ఆలస్యమవుతుందని కాంట్రాక్టర్లు అంటారు. నిజమే, పెరుగుతుంది. ప్రతి దశకూ విడిగా లెక్క చూడాలంటే ఇంజినీరుకు అదనంగా వారాలు పడతాయి, ఫీజు పెరుగుతుంది. టెండర్‌లో దానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉండాలి, అది తగ్గించుకుని పోటీ పడే వీలు లేకుండా చేయాలి. ఇప్పుడున్న పద్ధతిలో సెంట్రింగ్ మీద ఆదా చేసినవాడే తక్కువ రేటు వేసి పని గెలుస్తున్నాడు.

ఈ లెక్కల కాగితాలు వంతెన ప్రారంభోత్సవంతో అటకెక్కకూడదు. అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో మిసిసిపీ నది మీద వంతెన 2007 ఆగస్టు 1న కూలే నాటికి దాని వయసు 40 ఏళ్లు. కమ్మీలను కలిపే ఉక్కు పలకలు ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయన్న సంగతి అన్నేళ్లూ బయటపడలేదు. ఆ రోజు రోడ్డు మరమ్మతు కోసం తెచ్చిన ఇసుక, కంకర, నీళ్లు, యంత్రాలు కలిపి సుమారు 260 టన్నుల బరువు డెక్ మీద ఒకేచోట చేర్చారు. 13 మంది చనిపోయారు. మరమ్మతు మొదలైన రోజున పాత వంతెన మళ్లీ కట్టే దశలోకి వచ్చినట్టే. అందుకే ప్రతి వంతెన ఫైల్లోనూ డెక్ మీద ఎక్కడ ఎంత బరువు పేర్చవచ్చో, బేరింగ్ (పిల్లర్ మీద గర్డర్ కూర్చునే దిండు) మార్చాలంటే జాకీలు ఎక్కడ పెట్టాలో, ఏ లేన్ మూయాలో రాసి ఉండాలి. మరమ్మతు టెండర్ పిలిచే శాఖ ఆ కాగితాన్ని కాంట్రాక్టర్ చేతికిచ్చి సంతకం తీసుకున్నాకే మొదటి లారీ వంతెన ఎక్కాలి.