నాడి చూసే అర నిమిషం

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన పెద్దావిడ జబ్బకు బీపీ పట్టీ చుడతారు, మిషన్ చూపిన అంకెలు చీటీ మీద రాస్తారు, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆమె మణికట్టును మాత్రం ఎవరూ ముట్టుకోరు. రోగి ఎదురుగా కూర్చోగానే నాడి పట్టి చూడటం ఒకప్పుడు వైద్యంలో మొదటి పని. గుండె లయ తప్పే జబ్బుల్లో చాలావాటిని అనుమానించడానికి ఇంతకంటే తేలికైన, పైసా ఖర్చులేని పరీక్ష లేదు కనుక దాన్ని మళ్లీ తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం.

గుండె తనకు కావలసిన విద్యుత్తును తానే పుట్టించుకుంటుంది. కుడివైపు పై గది గోడలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు, నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పంపుతుంది. అది పై గదులంతటా పాకి, పై, కింది గదుల మధ్య ఉండే ఏవీ నోడ్ అనే మరో కణాల ముద్ద దగ్గర సెకనులో సుమారు పదో వంతు సేపు నిదానించి, ఆలోగా పై గదుల్లోని రక్తం కిందికి దిగాక, ప్రేరణను మోసుకెళ్లే హిస్ కట్ట గుండా, దాని నుంచి చీలే పర్కింజీ తంతువుల మీదుగా కింది గదులకు చేరుతుంది. జపాన్ వైద్యుడు సునావో తవారా జర్మనీలో పరిశోధన చేసి 1906లో ఈ దారిని వివరించగా, మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ సైనస్ నోడ్‌ను గుర్తించారు. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా లయ చెడుతుంది. రక్తనాళాల్లో పూడికలేవీ లేవని యాంజియోగ్రాంలో తేలినవారికి కూడా చెడవచ్చు.

కొందరికి కూర్చున్నచోటే ఉన్నట్టుండి గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటుంది, కాసేపటికి దానంతటదే సర్దుకుంటుంది. ఆస్పత్రికి చేరేసరికి ఈసీజీ మామూలుగా వస్తుంది. గ్యాస్ అనో, టెన్షన్ అనో చెప్పి పంపించేస్తారు. ముఖ్యంగా ఆడవాళ్లు ఈ మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నారు, ఇది మాకు బాధ కలిగిస్తోంది. దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీయే అసలు సాక్ష్యం. ఆ కాగితం చేతికి వస్తే, ఈ రకం దడను చాలామందిలో అబ్లేషన్ (రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, దడ పుట్టించే చోటును కాల్చేయడం) చికిత్సతో పూర్తిగా నయం చేయవచ్చు.

దీనికి ఎదురుగా, ప్రేరణ కిందికి దిగక నాడి ముప్ఫై, నలభైకి పడిపోయి, కళ్లు తిరిగి పడిపోయేవారూ ఉన్నారు. వీరిని ఫిట్స్ రోగులుగానో, వయసు మీద పడిందనో లెక్కకట్టడం మామూలే. 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు ప్రపంచంలోనే తొలిసారిగా శరీరం లోపల పేస్‌మేకర్, అంటే గుండెకు విద్యుత్ ప్రేరణ అందించే చిన్న పరికరం, అమర్చారు. మొదటి పరికరం కొద్ది గంటలే పనిచేసింది. అయినా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ ఆయన 86 ఏళ్ల వయసు వరకు బతికారు.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకోవలసింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ గురించి. ఇందులో పై గదులు సంకోచించకుండా వణుకుతాయి, అక్కడ నిలిచిన రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆ ముప్పు మామూలు వారితో పోలిస్తే సుమారు ఐదు రెట్లు. చాలామందికి దడ కూడా తెలియదు. కానీ బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనిస్తే తెలుస్తుంది: రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి అందీ అందనట్టు, ఏ వరసా లేకుండా. రక్తం పలచబరిచే మందులు ఈ పక్షవాతాల్లో సుమారు మూడింట రెండు వంతులను ఆపగలవు; ఆస్పిరిన్ వాటికి బదులు కాదు. మన దగ్గర చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్లవాతపు జ్వరంతో గుండె కవాటం చెడినవారికి నడివయసు రాకముందే ఈ జబ్బు పట్టుకుంటోంది. వారికి వాడే వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందు మోతాదు సరిచూడాలంటే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష తరచూ కావాలి, దానికోసం కూలి వదులుకుని పట్నం వెళ్లాల్సిన పరిస్థితి పోవాలి.

ముప్ఫై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూసే కార్యక్రమం ఇప్పటికే నడుస్తోంది. ఏఎన్‌ఎంలు ఆ పనిలోనే అర నిమిషం నాడి చూడగలరు. బీపీ అంకె పక్కన, నాడి సమంగా ఉందో లేదో రాసే గడి ఒకటి చేర్చాలి. సమంగా లేదని రాసిన ప్రతి ఒక్కరికీ అదే రోజు, అదే కేంద్రంలో ఈసీజీ తీసి, ఆ కాగితాన్ని వారి చేతికే ఇవ్వాలి.