పులిహోర అటు, మేము ఇటు

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఏముంటుందో పెళ్ళయి ముప్ఫై రెండేళ్ళయినా నాకు పూర్తిగా తెలీదు. ఆ రోజు మాత్రం తెలుసు. నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు రైలు పాసుల కాగితాలు, ఫారెక్స్ కార్డు, వీటన్నిటికీ పైన పులిహోర డబ్బా. ఆ బ్యాగు లౌటర్‌బ్రునెన్ వైపు వెళ్ళిపోతోంది. నేనూ మా తోడల్లుడూ గ్రిండెల్వాల్డ్ వైపు వెళ్ళిపోతున్నాం. ఎక్కింది మాత్రం అందరం ఒకే రైలు.

స్విట్జర్లాండ్ ప్రయాణానికి ప్లాను వేసింది నేనే. పాతికేళ్ళు ఆడిట్‌లో నలిగినవాణ్ణి కాబట్టి మామూలుగా వెయ్యలేదు. పద్నాలుగు పేజీల ఎక్సెల్ షీటు. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం, మారడానికి ఎన్ని నిమిషాలు, కిటికీ ఏ వైపు దొరికితే చెరువు కనిపిస్తుంది, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ రెండు పేజీలు తిప్పి, "ఇందులో అన్నం తినడం ఎక్కడుందండీ?" అంది. రిమార్క్స్ కాలమ్‌లో ఉందన్నాను.

జ్యూరిక్ స్టేషన్‌లో దిగగానే మా తోడల్లుడు గడియారం కేసి చూసి, "అన్నయ్యగారూ, వీళ్ళ గడియారం ఆగిపోయిందండీ!" అన్నాడు, ఏదో గెలిచినట్టు మొహం పెట్టి. నిజంగానే ఎర్ర సెకండ్ల ముల్లు పన్నెండు దగ్గరికొచ్చి నిలబడింది. ఓ క్షణం ఊపిరి బిగబట్టి, మళ్ళీ నడిచింది. అప్పుడు నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం ఇచ్చాను. అది 1944లో హన్స్ హిల్ఫికర్ అనే ఇంజినీరు గీసిన గడియారం. సెకండ్ల ముల్లు దాదాపు యాభై ఎనిమిదిన్నర సెకండ్లలోనే చుట్టు తిరిగొచ్చి పైన ఆగుతుంది. కొత్త నిమిషం మొదలవుతోందని సంకేతం అందాక, నిమిషాల ముల్లు ఒక్క గెంతు గెంతితే, అప్పుడు మళ్ళీ బయల్దేరుతుంది. దేశమంతా స్టేషన్లలో గడియారాలు ఒకే నిమిషం చూపించాలని ఈ ఏర్పాటు. అంతా విని మా మరదలు, "అయితే ఆ ముల్లుకి కూడా నిమిషానికోసారి రెస్ట్ ఉందన్నమాట. మన ప్లానులో మాత్రం లేదు బావగారూ" అంది.

లూసర్న్‌లో పద్నాలుగో శతాబ్దపు చెక్క వంతెన చూశాం. 1993లో చాలాభాగం కాలిపోతే మళ్ళీ కట్టారు. మా ప్లాను ప్రకారం దానికి పన్నెండు నిమిషాలు. దాటాం, వచ్చేశాం.

అక్కణ్ణించి ఇంటర్లాకెన్ వెళ్ళే రైలు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నా గర్వం నెత్తికెక్కింది అక్కడే. బ్రూనిగ్ కనుమ దగ్గర ఎత్తు బాగా ఎక్కువ. పట్టాల మధ్య పళ్ళ పట్టీ ఒకటి ఉంటుంది, రైలు కింది పళ్ళచక్రం దాన్ని పట్టుకుని మెట్టు మెట్టుగా పాకుతుంది. కనుమ దిగాక మైరింగెన్ అనే స్టేషన్ వచ్చింది. ఆగింది. కదిలింది. వచ్చినవైపే కదిలింది! మా తోడల్లుడు లేచి నిలబడిపోయాడు. "అన్నయ్యగారూ, వెనక్కి పోతోందండీ! మళ్ళీ లూసర్న్‌కే!" పెట్టెలో ఉన్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. "కూర్చోవయ్యా. విశాఖపట్నంలో ఇంజను ఈ చివర తీసి ఆ చివర తగిలించరూ? ఇదీ అంతే. షీటులో ఐదో పేజీ చూడు" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆ సాయంత్రమంతా మా వాళ్ళ దృష్టిలో స్విస్ రైళ్ళ మీద నాకంటే పండితుడు లేడు. బ్రియెంజ్ సరస్సు పక్కనే పోతుంటే నీళ్ళు బట్టల నీలం కలిపిన బకెట్లా ఉన్నాయని మా మరదలంటే, "అది హిమానీనదాలు రాళ్ళని అరగదీసిన పిండి, ఆ పొడి నీళ్ళలో తేలుతూ ఉంటే అలా కనిపిస్తుంది" అని అదీ చెప్పాను. ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి అక్కాచెల్లెళ్ళిద్దరూ అపార్ట్‌మెంటు వంటింట్లో పులిహోర కలిపారు. చింతపండు పులుసు తెనాలి నుంచి సీసాలో వచ్చింది, పైన రెండు జిప్ కవర్లు, ఒక టవలు చుట్టుకుని. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో పది దాటాక కదిలే రైలు. పెట్టె మీద లౌటర్‌బ్రునెన్ అని బోర్డు చూసి మరీ నలుగురం ఎక్కాం. ఇంకా నాలుగు నిమిషాలుంది.

"అన్నయ్యగారూ, ఆ కొండ వెనకాల పడేట్టు ఒక్క ఫోటో" అన్నాడు మా తోడల్లుడు. ఫోను వాళ్ళావిడ దగ్గరే ఉంది. నా ఫోనుతో తీద్దామని దిగాం. కొండ పడితే మనిషి పడడు, మనిషి పడితే కొండకి తల లేదు. వెనక్కి జరుగు, ఇంకొంచెం జరుగు అంటూ ప్లాట్‌ఫారం మీద చాలా దూరం జరిగాం. గడియారం చూస్తే అరనిమిషం ఉంది. దగ్గర్లో ఉన్న తలుపులోంచి గబుక్కున ఎక్కేశాం. తలుపులు మూసుకున్నాయి.

మన రైల్లో అయితే పెట్టెలోంచి పెట్టెలోకి నడుచుకుంటూ పోవచ్చు. ఇక్కడ కొంతదూరం నడిచాక గాజు, ఆ గాజు అవతల ఇంకో రైలు ముక్కు. దారి లేదు. విల్డర్స్‌విల్ స్టేషన్ వచ్చింది. "దిగి అటు పరిగెడదామా?" అన్నాడు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వని జవాబు ఇదీ: "ఎందుకయ్యా? ఒకే రైలు. ఎలాగూ అందరం లౌటర్‌బ్రునెన్‌లోనే దిగుతాం." అప్పుడే పైనుంచి ఏదో అనౌన్స్‌మెంటు, జర్మన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. మేం వినలేదు. పులిహోరలో వేరుశెనగలు వెయ్యాలా జీడిపప్పు వెయ్యాలా అన్న చర్చలో ఉన్నాం.

త్స్వైలూచినెన్ అని చిన్న స్టేషన్. రెండు లూచినెలు అని ఆ పేరుకి అర్థం. గ్రిండెల్వాల్డ్ నుంచి నల్ల లూచినె, లౌటర్‌బ్రునెన్ నుంచి తెల్ల లూచినె, రెండు నదులూ వచ్చి అక్కడ కలుస్తాయి. నదులు కలిసేచోట రైలు విడిపోతుంది. సగం ఆ లోయలోకి, సగం ఈ లోయలోకి. మన లింక్ ఎక్స్‌ప్రెస్‌లలో పెట్టెలు తెంపేటప్పుడు ఎంత హడావిడి! ఈలలు, జెండాలు, కుదుపులు, ఈలోగా మనం దిగి టీ తాగి రావచ్చు. ఇక్కడ చప్పుడే లేదు. నేను కిటికీలోంచి చూస్తుండగా పక్క పట్టాల మీద ఒక రైలు హాయిగా వెళ్ళిపోతోంది. అందులో మా ఆవిడ, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, చెల్లెలితో ఏదో చెప్పి నవ్వుతోంది.

"అచ్చం అక్కగారిలా ఉందండీ" అన్నాడు మా తోడల్లుడు.

అంతలో టికెట్లాయన వచ్చాడు. "గ్రుయెసెఖ్" అన్నాడు. నా షీటులో పలకరింపు "గ్రూట్సి" అని ఉంది, అది జ్యూరిక్ వైపు. అదే అన్నాను. ఆయన నవ్వి చెయ్యి చాపాడు. పాసులు లేవు, భార్యల దగ్గరున్నాయి అన్నాను. భార్యలేరీ అన్నట్టు చూశాడు. కిటికీ బయటికి చూపించాను. అక్కడ కొండ తప్ప ఏమీ లేదు. ఆయనకి అర్థమైంది. రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి, మెల్లిగా విడదీసి, ఒకటి ఇటు, ఒకటి అటు చూపించాడు. ఆ వేళ్ళు విడిపోయిన తీరు చూస్తే ఇలాంటి మొగుళ్ళు ఆయనకి రోజూ తగులుతారని తెలిసిపోయింది.

పాసులు కొన్నది డాలస్‌లో ఉన్న మా అబ్బాయి. అక్కడ తెల్లవారుజాము మూడు దాటింది. ఫోనెత్తి, "నాన్నా, ఏమైంది, అమ్మ ఎలా ఉంది?" అన్నాడు కంగారుగా. "బాగానే ఉంది. ఎక్కడుందో తెలీదు. ముందు పాసులు పంపించు" అన్నాను. వాడు పంపాడు. టికెట్లాయన ఫోనులో పాసులు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎవరైనా నాలుగు తిట్టుంటే బాగుండేది. రైలు టైముకొచ్చింది, బోర్డు సరిగ్గా ఉంది, చెప్పాల్సింది రెండు భాషల్లో చెప్పారు. కోప్పడ్డానికి ఈ దేశంలో మనకి ఒక్క మనిషి దొరకడు. ఉద్యోగంలో ఆడిట్ అభ్యంతరాలు రాసేవాణ్ణి, నా మీదే రాసుకోవాల్సొచ్చింది.

గ్రిండెల్వాల్డ్‌లో దిగాం. ఎదురుగా 3,967 మీటర్ల ఐగర్ పర్వతం. ప్రపంచంలో పెద్ద పెద్ద పర్వతారోహకులని భయపెట్టిన ఉత్తరపు గోడ. మా ఇద్దరినీ భయపెట్టింది ఆకలి. జేబులన్నీ వెతికితే ఐదు ఫ్రాంకుల బిళ్ళ ఒకటి తేలింది. కాఫీ కొట్లో ఒక కాఫీ కొని, ఇంకో ఖాళీ కప్పు అడిగాం. కౌంటర్లో అమ్మాయి కప్పు ఇచ్చి, అందులోకి నేను సగం ఒంపుతుంటే శ్రద్ధగా చూసింది. ఐగర్ కింద వన్ బై టూ కాఫీ. మా తోడల్లుడు ప్రతి గుక్కకీ ఇన్ని రూపాయలని లెక్క కడుతున్నాడు, నేనే ఆపించాను. వాళ్ళే ఇక్కడికొస్తారని అరగంట చూశాం. రాలేదు.

రాకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. వాళ్ళు లౌటర్‌బ్రునెన్‌లో దిగి, దాదాపు మూడొందల మీటర్ల పైనుంచి పడే స్టౌబాఖ్ జలపాతం తీరిగ్గా చూశారు. తర్వాత మా ఆవిడ, "కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోతే ఏం చెయ్యమనేది అమ్మ? విడిపోయినచోటికే రమ్మనేది కదా" అని చెల్లెల్ని వెంటబెట్టుకుని తిరిగి త్స్వైలూచినెన్‌లో దిగి, బల్ల మీద కూర్చుని డబ్బా మూత తీసింది. షీటులో ఎక్కడా లేని స్టేషన్ అది.

మా రైలు త్స్వైలూచినెన్‌లోకి వస్తుండగా కిటికీలోంచి వాళ్ళిద్దరూ కనిపించారు. నేను అరచెయ్యి ఊపాను, "అక్కడే ఉండండి, మేం దిగుతున్నాం" అని. మా ఆవిడా చెయ్యి ఊపింది. దిగాం. మధ్యలో పసుపు జాకెట్ల బడిపిల్లల గుంపు ఒకటి, ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని, టీచర్ లెక్కపెడుతుంటే వరసగా ఎక్కుతోంది. వాళ్ళని దాటుకుని బల్ల దగ్గరికి వెళ్ళేసరికి బల్ల ఖాళీ. తలుపులు మూసుకున్నాయి. లోపల గాజు వెనకాల మా ఆవిడ. నా చెయ్యి ఊపుడు ఆమెకి "ఎక్కెయ్యండి" అని అర్థమైందట. సరిగ్గా టైముకి, ఒక్క సెకండు అటూ ఇటూ కాకుండా, రైలు ఇంటర్లాకెన్ వైపు కదిలింది. ఆమె పులిహోర డబ్బా పైకెత్తి చూపించింది. అడుగున రెండు కరివేపాకు రెబ్బలు.

ఫోను మోగింది. డాలస్.

"నాన్నా, అమ్మ దొరికిందా?"

"దొరికిందిరా," అన్నాను, "ఇప్పుడే వెళ్ళిపోయింది."